27 రోజులు, బెడ్ నంబర్ 4: విజయవాడలో ఒక హాస్పిటల్ ఐసీయూ గురించి నా రివ్యూ

స్టార్లు నాలుగిచ్చా. ఐదోది ఎందుకు కోశానో కింద ఎక్కడో వస్తుంది, ఓపికుంటే చదవండి. హాస్పిటల్ పేరు మాత్రం అడగొద్దు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఇంకా నడుస్తోంది, ఆ బిల్లింగ్ కౌంటర్ వాళ్ళతో నాకింకా పనుంది. విజయవాడలో పెద్ద హాస్పిటల్, అంతవరకే.

ఇక్కడ హాస్పిటల్ రివ్యూలు చదివితే ఎక్కువమంది ఏం రాస్తారంటే లాబీ బాగుంది, పార్కింగ్ లేదు, రిసెప్షన్ అమ్మాయి సరిగ్గా మాట్లాడలేదు, క్యాంటీన్‌లో దోశ చల్లారిపోయింది. నేనూ అవే చదివి, అవే నమ్మి నాన్నని తీసుకెళ్ళా. 19 రోజులు ఐసీయూ తలుపు బయట కూర్చున్నాక అర్థమైందేంటంటే, లోపలున్న మనిషి బతికి బయటికి రావడానికీ ఆ లాబీలో గ్రానైట్‌కీ ఏ సంబంధమూ లేదు. మిషన్లు కూడా కాస్త పేరున్న హాస్పిటళ్ళలో దాదాపు ఒకేలా ఉంటాయి. తేడా అంతా ఎక్కడంటే రాత్రి రెండు గంటలప్పుడు లోపల ఎంతమంది చేతులు పనిచేస్తున్నాయి అన్న దగ్గర. ఆ సంగతి రాద్దామనే కూర్చున్నా.

మాది పల్నాడు సైడు. నాన్నకి 63, పదేళ్ళ నుంచి షుగర్, నాలుగెకరాల మిరప. నవంబర్లో చేలో గడ్డి ఎక్కువైందని రోజూ గట్ల మీద తిరిగేవాడు. జ్వరం వచ్చింది. రావడం ఏముంది, అందరికీ వస్తుంది, ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ చేసి సెలైన్ పెట్టాడు, పొద్దున తగ్గింది సాయంత్రం మళ్ళీ వచ్చింది, అలా ఐదు రోజులు. ఆరో రోజు టౌన్లో నర్సింగ్‌హోంలో జాయిన్ చేశాం. ప్లేట్లెట్స్ 60 వేలున్నాయి కాబట్టి డెంగ్యూ అయ్యుంటుందన్నారు, టెస్టులో నెగెటివ్ వచ్చినా ఒక్కోసారి అలాగే వస్తుందిలే అన్నారు. బొప్పాయి ఆకు రసం ఎవరో చెప్తే అదీ తాగించాం. మేమూ ఊరుకున్నాం, ఎందుకంటే డాక్టరుగారు చెప్పాక మనమేం మాట్లాడతాం. ఎనిమిదో రోజు రాత్రికి ఆయాసం మొదలైంది, మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు, అప్పుడు చెప్పారు మా దగ్గర వెంటిలేటర్ లేదు పెద్ద హాస్పిటల్‌కి తీసుకెళ్ళిపోండి అని. అప్పటికప్పుడు అంబులెన్స్ మాట్లాడుకుని బయల్దేరేసరికి పది దాటింది.

రాత్రి 11:40కి దిగాం. ఎమర్జెన్సీలో వేలికి పెట్టిన క్లిప్పులో ఆక్సిజన్ 84 చూపిస్తోంది, బీపీ 80/50. అమ్మ ఏడుస్తోంది, తమ్ముడు డిపాజిట్ కౌంటర్ దగ్గర కార్డు గీకుతుంటే సర్వర్ డౌన్ అంటున్నారు, నేను ఫైల్ పట్టుకుని ఎవరికివ్వాలో తెలీక నిలబడిపోయా. ఒక డ్యూటీ డాక్టర్, మహా అయితే 27, 28 ఏళ్ళుంటాయి, ఫైల్ తీసుకోలేదు. ముందు చొక్కా విప్పమన్నాడు. చంకల్లో చూశాడు, మెడ వెనక చూశాడు, పంచె కాస్త కిందికి జరిపి మొలతాడు పక్కకి లాగి టార్చ్ వేశాడు. దాని కిందే ఉంది, సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు, చుట్టూ ఎర్రగా, చిటికెన వేలి గోరంత. "ఇది ఎప్పట్నుంచి ఉందమ్మా" అన్నాడు. మాకెవరికీ తెలీదు. నాన్నకీ తెలీదు, నొప్పి లేదు, దురద లేదంట. ఎనిమిది రోజుల్లో ముగ్గురు డాక్టర్లు చూశారు, మొలతాడు ఎవరూ జరపలేదు.

స్క్రబ్ టైఫస్ అంట. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని పురుగు పిల్లలు కుడితే వస్తుంది, బట్ట బిగుతుగా ఉన్నచోట, మడతల్లో ఎక్కువ కుడతాయి. దీనికి మందు డాక్సీసైక్లిన్, అత్యంత చవక మందుల్లో ఒకటి. నర్సింగ్‌హోంలో రెండు రోజులు పూటకొక ఖరీదైన ఇంజెక్షన్ పొడిచారే, ఆ జాతి మందులు దీని మీద అసలు పనిచెయ్యవంట. రిపోర్ట్ రాకుండానే డాక్సీ, అజిత్రోమైసిన్ రెండూ నరంలోకి మొదలుపెట్టేశాడు ఆ అబ్బాయి, 12:30 కూడా కాలేదు. ఆ రెండూ కలిపి ఎందుకు అని తర్వాత చదివా. మన దేశంలోనే చేసిన పెద్ద స్టడీ ఒకటి 2023లో బయటికొచ్చింది, సీరియస్ స్క్రబ్ టైఫస్‌కి ఒక మందు ఇచ్చినదానికన్నా రెండూ కలిపి ఇస్తే వారం తిరిగేసరికి కాంప్లికేషన్లు తక్కువున్నాయి. చావుల లెక్కలో మాత్రం తేడా పెద్దగా తేలలేదు, అది కూడా చెప్పాలి.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, ఐసీయూలో మనిషి బతకడం అన్నది ఐసీయూ తలుపు దాటకముందే సగం తేలిపోతుంది. ఇన్ఫెక్షన్‌తో బీపీ పడిపోయాక సరైన యాంటీబయోటిక్ గంటలోపు పడాలి అన్నది ఇప్పుడు ప్రపంచమంతా చెప్పే మాట. మాకు ఎనిమిది రోజులు పోయాయి, చివరి గంట మాత్రం పోలేదు. ఆ గంటకే నేనిచ్చిన నాలుగులో రెండు స్టార్లు.

మర్నాడు పొద్దున్నే ఐసీయూ పెద్ద డాక్టర్ పిలిచారు. ఇంటెన్సివిస్ట్ అంటారు, ఈయన పనే ఐసీయూ, ఓపీ ఉండదు. ఇది కూడా జాయిన్ చేసేముందు అడగాల్సిన విషయమే, ఐసీయూలో ఆ పనికే చదువుకున్న డాక్టర్ రోజంతా ఉంటారా, లేక పొద్దున రౌండ్స్‌కొచ్చి ఫోన్‌లో నడిపిస్తారా అని. "సార్, నాన్న బతుకుతాడా" అని అడిగేశా, ఇంకేం అడగాలో తెలీక. ఆయన ప్రిస్క్రిప్షన్ కాగితం తిరగేసి ఆరు గీతలు గీశారు. ఊపిరితిత్తులు, గుండె-బీపీ, కిడ్నీ, లివర్, ప్లేట్లెట్లు, మెదడు. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, ఇక్కడ మార్కులు ఎక్కువొస్తే ఫెయిలైనట్టు. మొత్తం 24కి నాన్నకి 13. సోఫా స్కోర్ అంటారంట దీన్ని. "13 అనేది ఇవాళ ఫొటో అమ్మా, నాకు కావాల్సింది వీడియో. రెండు రోజుల తర్వాత ఇది పెరిగిందా తగ్గిందా చూస్తే నేను మీకు కాస్త ధైర్యంగా మాట చెప్పగలను" అన్నారు. పర్సెంటేజ్ చెప్పమని బతిమాలా, చెప్పలేదు. ఆ స్కోర్లు వందమంది గుంపుకి లెక్క చెప్తాయిగానీ మీ నాన్న ఆ గుంపులో ఎటువైపో చెప్పవు అన్నారు. అప్పుడు కోపమొచ్చింది, ఇప్పుడు లేదు.

దేశం లెక్క ఒకటి తర్వాత దొరికింది. 2010, 2011లో మన దేశంలో 120 ఐసీయూల్లో 4 వేల పైచిలుకు పేషెంట్లని చూస్తే ఐసీయూలోనే పోయినవాళ్ళు నూటికి 18 మంది. అంటే ఐసీయూ అనగానే ఇంక అయిపోయింది అని చుట్టాలంతా శోకాలు మొదలుపెట్టాల్సిన పని లేదు. మా పెద్దమ్మ ఫోన్లోనే మొదలుపెట్టింది. వయసు, అంతకుముందున్న జబ్బులు, ఎన్ని అవయవాలు దెబ్బతిన్నాయి, వెంటిలేటర్ పడిందా, పడిపోయిన బీపీని నిలబెట్టే మందు ఎంత డోసులో నడుస్తోంది, ఇన్ఫెక్షన్ ఏ రకం, వీటిని బట్టి ఆ 18 అన్నది చాలా కిందికీ పోతుంది, చాలా పైకీ పోతుంది.

ఆ పొద్దున్నే వెంటిలేటర్ పెట్టారు. అద్దంలోంచి చూస్తుంటే ఒక సిస్టర్ టైలర్ టేపు తెచ్చి నాన్నని తల నుంచి మడమ దాకా కొలుస్తోంది. నాకు గుండె జారిపోయింది, ఎందుకు కొలుస్తారో మీకే తెలుసు. తర్వాత అడిగితే చెప్పింది, వెంటిలేటర్ ఒక్కో ఊపిరికి ఎంత గాలి తోయాలన్నది బరువుని బట్టి కాదు, ఎత్తుని బట్టి సెట్ చేస్తారంట. నాన్న 82 కిలోలు, కానీ పొట్ట పెరిగినంతమాత్రాన ఊపిరితిత్తులు పెరగవు కదా. 168 సెంటీమీటర్ల మగవాడి లెక్క 64 కిలోలు, కిలోకి 6 మిల్లీలీటర్ల చొప్పున దాదాపు 385. బెడ్ మీద చార్ట్‌లో పెన్నుతో అదే రాసుంది. ఈ 6 అన్న అంకె వెనకాల పెద్ద కథే ఉంది, 2000లో అమెరికాలో 861 మంది మీద చేసిన స్టడీలో కిలోకి 12 చొప్పున గాలి తోసినవాళ్ళలో నూటికి దాదాపు 40 మంది పోతే 6 చొప్పున తోసినవాళ్ళలో 31 మంది పోయారు. కొత్త మందూ లేదు, కొత్త మిషనూ లేదు. మిషన్ ఎంత గట్టిగా తోస్తోంది అన్నదే తేడా. అంత చిన్న విషయానికి ప్రతి వందమందిలో తొమ్మిది మంది. ఒక టైలర్ టేపు.

రెండో రోజు ఆక్సిజన్ ఇంకా పడిపోతుంటే బోర్లా పడుకోబెట్టారు. పదహారు గంటలు బోర్లా, మిగతా టైం వెల్లకిలా, అలా మూడు రోజులు. సంతకం పెట్టమన్నప్పుడు నేను వద్దన్నా, నోట్లో గొట్టం ఉన్న మనిషిని బోర్లా ఎలా వేస్తారు అని గొడవపడ్డా. అప్పుడు సార్ ఒకటే అన్నారు, ఫ్రాన్స్‌లో 2013లో తేలిందమ్మా, ఊపిరితిత్తులు బాగా పాడైనవాళ్ళని ఇలా బోర్లా వేస్తే చావులు సగానికి తగ్గాయి, ఇంత పనిచేసే మందు మా దగ్గర ఇంకోటి లేదు అని. నూటికి 32.8 నుంచి 16కి, నేను తర్వాత వెతికి చూసుకున్నా. సంతకం పెట్టా.

తిప్పేటప్పుడు నన్ను అద్దం బయట నిలబడనిచ్చారు. తల దగ్గర డాక్టర్, ఆయన రెండు చేతుల్లో గొట్టం తప్ప ఇంకేం లేదు. అటు ఇద్దరు ఇటు ఇద్దరు, కాళ్ళ దగ్గర వార్డు బాయ్. ఒక సిస్టర్ బయట్నుంచే లైన్లన్నీ పేరు పెట్టి లెక్కపెడుతోంది, సెంట్రల్ లైన్ ఓకే, ఆర్ట్ లైన్ ఓకే, యూరిన్ ఓకే. మూడు అనగానే పక్కకి, మళ్ళీ మూడు అనగానే బోర్లా. మొత్తం నాలుగు నిమిషాలు పట్టిందేమో, నాకు చెమటలు కారిపోయాయి. మొహం కింద జెల్ దిండు, గంటకోసారి తల అటు ఇటు మార్చడం. ఇదంతా చెయ్యాలంటే ఏడుగురు కావాలి. రాత్రిపూట ముగ్గురే ఉన్న ఐసీయూలో ఈ వైద్యం రాసుకోవడానికి ఉంటుంది, చెయ్యడానికి ఉండదు.

అసలు ఐసీయూ పుట్టిందే చేతుల మీద. 1952లో డెన్మార్క్‌లో, కోపెన్‌హాగన్లో పోలియో విరుచుకుపడితే ఊపిరి తీసుకోలేని పేషెంట్లకి సరిపడా మిషన్లు లేవు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టర్ గొంతులో గొట్టం వేసి రబ్బరు సంచి చేత్తో పిసుకుతూ గాలి కొట్టమన్నాడు. వందలమంది మెడికల్ స్టూడెంట్లు షిఫ్టులేసుకుని వారాల తరబడి రాత్రీ పగలూ పిసికారు. అంతకుముందు అలాంటి కేసుల్లో నూటికి ఎనభై ఏడుమంది దాకా పోయేవాళ్ళు, అది సగానికి పైగా తగ్గింది. అందుకే నాకు ఇప్పుడు ఐసీయూ అంటే మిషన్ల గది అనిపించట్లేదు.

కాబట్టి ఈ హాస్పిటల్ మార్కులు. వెంటిలేటర్ మీదున్న పేషెంట్‌కి ఒక సిస్టర్ అన్నది అందరూ ఒప్పుకునే లెక్క. ఇక్కడ పగలు అలాగే ఉంది. రాత్రి మాత్రం రెండు బెడ్లకి ఒకరు, ఆదివారం రాత్రి నేను నిద్రపట్టక అద్దంలోంచి లెక్కపెడితే పన్నెండు బెడ్లకి నలుగురు. ఇది వాళ్ళ తప్పు కాదు, ఆ అమ్మాయిలు భోజనం కూడా నిలబడి తింటున్నారు, ఒకమ్మాయిది శ్రీకాకుళం, 12 గంటల డ్యూటీ, కాళ్ళు వాచిపోయాయి. మేనేజ్‌మెంట్‌ది తప్పు. లాబీలో పియానో పెట్టడానికి డబ్బులున్నాయి, ఎవరూ వాయించరు, దానిమీద దుప్పటి కప్పి ఉంటుంది.

అర స్టార్ అక్కడ పోయింది.

ఇంకో అర స్టార్ దగ్గరికి వస్తున్నా. ఎనిమిదో రోజు. స్కోరు 13 నుంచి 10, 10 నుంచి 7కి దిగింది, బీపీ మందు ఆపేశారు, కిడ్నీ ఒక్కటే మొరాయిస్తే రెండుసార్లు డయాలసిస్ చేశారు, అదీ దారిలోకి వచ్చింది. అందరం కాస్త అన్నం తిన్నాం ఆరోజు. సాయంత్రానికి మళ్ళీ జ్వరం. గొట్టంలోంచి పచ్చటి కఫం. మూడు రోజుల తర్వాత కల్చర్ రిపోర్ట్, క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా, లిస్టులో దాదాపు అన్ని మందుల ఎదురుగా 'ఆర్' అని రాసుంది, రెసిస్టెంట్. కొలిస్టిన్ ఒక్కటే మిగిలింది, అది మళ్ళీ కిడ్నీకి పడదు. బయట్నుంచి తెచ్చుకున్న జబ్బు నయమైపోతుంటే లోపల ఇంకోటి పట్టుకుంది.

నేను చూసింది చెప్తా. అంతకుముందు రెండు రోజుల క్రితం విజిటింగ్ టైంలో, ఒక కుర్ర స్టాఫ్ పక్క బెడ్‌లో సక్షన్ చేసి, అంటే గొట్టంలోంచి కఫం లాగి, అవే గ్లవ్స్‌తో మా నాన్న డ్రిప్ సరిచేశాడు. ఒక్కసారే చూశా. దానివల్లే వచ్చిందని నేననలేను, ఎవరూ అనలేరు. కానీ చెప్పా, గట్టిగానే చెప్పా, రాతపూర్వకంగా ఇచ్చా. వాళ్ళు చేసింది కూడా చెప్పాలి కదా, మర్నాడే ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ అని ఒకావిడ వచ్చి నా ముందే స్టాఫ్‌ని నిలబెట్టి చేతులు కడిగించి చూపించమంది, ప్రతి బెడ్ కాళ్ళ దగ్గరా శానిటైజర్ సీసా వచ్చింది. అంతకుముందు మూడు బెడ్లకొకటి ఉండేది. చేతులు కాలాక ఆకులు, కానీ పట్టుకున్నారు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూల్లో ఐదు పనుల చెక్‌లిస్టు పెట్టి, అందులో మొదటిది చేతులు కడుక్కోవడం, మెడలో పెట్టే లైన్ నుంచి వచ్చే ఇన్ఫెక్షన్లని మూడు నెలల్లో కనీసం సగం ఐసీయూల్లో సున్నాకి తెచ్చారని 2006లో వచ్చింది. ఖర్చు సబ్బు. కాబట్టి మీరు ఐసీయూ చూడ్డానికి వెళ్తే మానిటర్ వైపు చూడకండి, మనకేం అర్థం కాదు, బెడ్ తల ఎత్తి ఉందా, ఒక బెడ్ నుంచి ఇంకో బెడ్‌కి పోయేటప్పుడు చేతులు తడుపుకుంటున్నారా, అవి చూడండి. తల 30 డిగ్రీలకి పైగా ఎత్తి ఉంచితే పొట్టలోది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం తక్కువ. ఈ విషయంలో మాత్రం వీళ్ళని వేలెత్తి చూపలేం, ఏ టైంలో వెళ్ళినా తల ఎత్తే ఉంది.

షుగర్ గురించి చిన్న మాట. 160, 170 ఉంటుంటే ఇన్సులిన్ ఎందుకు పెంచరు అని నేను రోజూ పీక్కుతినేదాన్ని, ఇంట్లో 110 కోసం అమ్మ ఎన్ని కాకరకాయలు వండిందో. ఐసీయూలో 180 లోపుంటే చాలు, బాగా కిందికి లాగితే చావులు పెరిగాయని 2009లోనే తేలిందన్నారు. సరే అని నోరు మూసుకున్నా.

పదో రోజు నుంచి ప్రతి పొద్దున మత్తు ఆపి చూసేవాళ్ళు. మేం అనుకునేదేంటంటే మత్తులో ఉంటే పాపం నొప్పి తెలీదు కదా, హాయిగా పడుకోనివ్వొచ్చు కదా అని. అలా పడుకోబెడితే వెంటిలేటర్ మీద రోజులు పెరుగుతాయి, రోజులు పెరిగేకొద్దీ ఇన్ఫెక్షన్, కండలు కరిగిపోవడం, ఒకదాని వెనక ఒకటి. రోజూ లేపాలి, సొంతంగా ఊపిరి తీసుకోగలడా పరీక్షించాలి. నాలుగు రోజులు ఫెయిల్, పద్నాలుగో రోజు గొట్టం తీసేశారు.

తీశాక ఇంకో సినిమా. నాన్న సిస్టర్‌ని పట్టుకుని "ఏమ్మా, నిన్నటి మిరప కోత కూలి ఇచ్చారా నీకు, మా వాడు లెక్క రాశాడా" అంటాడు. సీలింగ్ మీద కోతులున్నాయి, మిరప నారు పీకేస్తున్నాయి, కర్ర తెమ్మంటాడు. ఆక్సిజన్ లాగేస్తున్నాడని చేతులు మంచానికి కట్టారు, అది చూసి అమ్మ పడిపోయింది. దీన్ని డెలీరియం అంటారు, పిచ్చి కాదు, ఐసీయూలో చాలామందికి వస్తుంది, ఇది వచ్చినవాళ్ళు కోలుకోవడం కూడా కష్టమేనంట. ఇక్కడ ఆ శ్రీకాకుళం అమ్మాయి ఒక పని చేసింది, నాన్న కళ్ళజోడు ఇంటి నుంచి తెమ్మంది. నిజమే, 14 రోజులుగా ఆయనకి ఎదురుగా ఉన్నదేదీ సరిగ్గా కనపడట్లేదు, మాకెవరికీ ఆలోచనే రాలేదు. గడియారం కనపడేలా బెడ్ తిప్పారు, పగలు కర్టెన్ తీసి రాత్రి లైటు తగ్గించారు, రూల్ ప్రకారం పది నిమిషాలే అయినా అమ్మని పూటకి గంట కూర్చోనిచ్చారు. కట్లు విప్పేశారు. మూడో రోజుకి కోతులు వెళ్ళిపోయాయి. ఆ అమ్మాయి తాతయ్యా అని పిలిస్తే మాత్రం "నేనేం తాతయ్యలా ఉన్నానా" అన్నాడు, అప్పుడు అనుకున్నా, మనిషి వచ్చేశాడు అని.

7వ బెడ్ గురించి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించా. నలభై ఏళ్ళుంటాయేమో ఆవిడకి, మా పక్క చాప మీద వాళ్ళాయన పడుకునేవాడు, ఆటో నడుపుతాడు. పదకొండు రోజులకి ఆటో కూడా అమ్మేశాడు. పన్నెండో రోజు సంతకం పెట్టి తీసుకెళ్ళిపోయాడు, డాక్టర్ల సలహాకి విరుద్ధంగా నా ఇష్టపూర్వకంగా అని రాయించుకుంటారు. ఆమెకి తగ్గుతోంది, నేను విన్నా సార్ చెప్పడం, ఇంకో వారం అన్నారు. ఇష్టపూర్వకం. మన దగ్గర ఐసీయూ పేషెంట్ బతుకుతాడా అన్నదాంట్లో ఇదొక పెద్ద అంశం, దీనికి ఏ స్కోర్లోనూ గడి లేదు. ఆ 18 లాంటి లెక్కల్లో ఇలా వెళ్ళిపోయి ఇంటికెళ్ళాక పోయినవాళ్ళు ఎటు పోతారో. ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉంది, దానివల్ల ఎంతోమంది బతికారు, కాదనను, కానీ ఏ జబ్బుకి వర్తిస్తుంది, ఏ హాస్పిటల్లో వర్తిస్తుంది అన్నది ఎమర్జెన్సీలో కాదు, ఇవాళే, అందరూ బాగున్నప్పుడే కనుక్కుని పెట్టుకోండి.

డబ్బు సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి. మొత్తం 11 లక్షల 60 వేలు, అందులో ఫార్మసీ ఒక్కటే 4 లక్షల పైన. నా ఆఫీస్ ఇన్సూరెన్స్ 5 లక్షలు. బిల్లులో గ్లవ్స్ పేజీలకి పేజీలు, ఇన్ని గ్లవ్స్ కొన్నవాళ్ళు ఆ కుర్రాడికి ఆరోజు ఇంకో జత ఇవ్వలేకపోయారా అని అడిగా, కౌంటర్లో ఉన్నాయన నవ్వాడు. రాత్రి ఒంటిగంటకి ఫోన్ చేసి "లక్ష కట్టాలి మేడమ్ లేకపోతే పొద్దున మందులు ఇండెంట్ పెట్టలేం" అనడం ఏం పద్ధతండీ. ఐసీయూ నుంచి ఒంటిగంటకి ఫోన్ వస్తే మనిషి ఏమనుకుంటాడు? ఆ రింగ్‌టోన్ మార్చేశా నేను. ఇదీ ఆ రెండో అర స్టార్‌లో కలిపేసుకోండి.

డాక్టర్లు మాట్లాడే పద్ధతికి మాత్రం ఫుల్ మార్కులు. రోజూ పదకొండుకి కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు, కుర్చీలేసి, కారిడార్లో నిలబెట్టి కాదు. ఇంకా పెట్టాలా ఆపాలా అన్న మాట కూడా ఐదో రోజు ఒకసారి వచ్చింది, కిడ్నీ మొరాయించినప్పుడు. మీరు ఎంతదాకా వెళ్దామనుకుంటున్నారు, మీ నాన్నగారైతే ఏం కోరుకునేవారు అని అడిగారు. కేంద్రం 2024 జనవరిలో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో పేషెంటో, ఇంటివాళ్ళో వద్దంటే ఐసీయూలో పెట్టకూడదని ఉంది, ఆ సంగతి కూడా వాళ్ళే చెప్పారు. మాది దింపుడుకళ్ళం ఆశ కాదని, లెక్క ప్రకారం ఆశ ఉందని ఆ ఆరు గీతల కాగితం మళ్ళీ తీసి చూపించారు. ఆ కాగితం నా బ్యాగ్‌లో ఇప్పటికీ ఉంది.

వెయిటింగ్ హాల్ అంటారా, దోమలు, ఒక బాత్రూం, రాత్రంతా టీవీ. చాప తెచ్చుకోండి. క్యాంటీన్ ఇడ్లీ పర్లేదు, పొద్దున ఏడులోపు అయితే.

19వ రోజు వార్డుకి మార్చారు, ఇంకో ఎనిమిది రోజులు అక్కడ. బతికాడు కదా అయిపోయింది అనుకున్నాం, కాలేదు. మంచినీళ్ళ గ్లాసు ఎత్తలేకపోయాడు. బస్తా మిరపకాయలు ఒంటిచేత్తో ట్రాక్టర్లోకి విసిరే మనిషి, దువ్వెన పట్టుకుంటే వేళ్ళు వణుకుతున్నాయి. ఐసీయూలో పడుకున్నవాళ్ళకి కండలు అలా పోతాయంట, ఫిజియోథెరపీ అబ్బాయి వెంటిలేటర్ మీదున్నప్పుడే రోజూ కాళ్ళు చేతులు ఆడించేవాడు, అది బిల్లు పెంచడానికేమో అనుకున్నా అప్పట్లో, తప్పు ఒప్పుకుంటున్నా. మూడు వారాలకి కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు.

డిశ్చార్జ్ రోజు ఒక జిప్ కవర్ ఇచ్చారు, మీద బెడ్ నంబర్, తేదీ, సంతకం. లోపల నాన్న వెండి మొలతాడు. మొదటి రాత్రి కత్తిరించి తీసింది, ఒక్క పూస పోలేదు.

నెల తర్వాత చెకప్‌కి తీసుకెళ్తే ఐసీయూ చూడాలన్నాడు, నాకు ఏం గుర్తులేదు ఒకసారి చూస్తా అని. సెక్యూరిటీ పంపలేదు. మా గొడవకి ఆ శ్రీకాకుళం అమ్మాయి బయటికొచ్చింది, నాన్నని చూసి గుర్తుపట్టలేదు, గొట్టాలు లేకుండా, మీసంతో, చొక్కా ఇస్త్రీ చేసుకుని నిలబడ్డ మనిషిని ఆమె ఎప్పుడూ చూడలేదు కదా. బెడ్ నంబర్ 4 అన్నా. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాన్నకేమో ఆమె ఎవరో తెలీదు. "ఈయనేనండీ నన్ను కోత కూలి ఇచ్చారా అని అడిగింది" అని నవ్వుతూ చెప్తే, కాస్త సిగ్గుపడి, జేబులోంచి ఐదొందల నోటు తీసి "అయితే బాకీ ఉన్నట్టేగా" అన్నాడు. ఆ అమ్మాయి తీసుకోలేదు, లోపల ఏదో అలారం మోగితే పరిగెత్తింది.